బట్టకు వెనకవైపు

గత మే నెలలో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న హాలులో వారం రోజులపాటు వస్త్రకళా ప్రదర్శన జరిగింది. ఇళ్ళలో, వీధుల్లో, రేవుల్లో రోజూ చేతికి తగిలే వస్తువులతో నేసినవి, అల్లినవి, కుట్టినవి మాత్రమే అక్కడ పెట్టారు. ఒక సాయంత్రం మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎండ తీవ్రత ఇంకా తగ్గలేదు, హాలులోని రెండు ఫ్యాన్లూ వేడిగాలినే తిప్పుతున్నాయి, అయినా జనం బాగానే ఉన్నారు. వారిలో ఎక్కువమంది గుమ్మానికి ఎదురుగా, ఒక బొమ్మకు కట్టిన చీర చుట్టూ చేరి ఫోటోలు తీసుకుంటున్నారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, పాల కవర్లు కత్తిరించి కుట్టిన చీర అది. దీపాల వెలుగులో మిలమిల మెరుస్తోంది. చెత్తబుట్టలోకి పోవలసినవి ఇంత అందంగా మారాయని పక్కనున్న బోర్డు మీద రాశారు.

అమ్మ ఆ చీర ముందు కాసేపు నిలబడి, అక్కడున్న కుర్రవాడిని పిలిచి, ‘బాబూ, పైట చెంగు ఒక్కసారి తిప్పి చూపిస్తావా?’ అని అడిగింది. ముట్టుకోరాదని చీటీ ఉంది కనుక అతనే తిప్పి చూపించాడు. వెనక నిండుగా ఒక నూలు చీర ఉంది. ప్యాకెట్ల ముక్కలన్నీ దాని మీద కుట్టి ఉన్నాయి. ‘బరువంతా నూలుచీరే మోస్తంది కదే’ అని అమ్మ నాతో అంది. ఆ ఒక్క మాట పట్టుకునే మిగిలిన ప్రదర్శనంతా చూశాను. చేసినవారి శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అన్ని ముక్కలను కడిగి, ఆరబెట్టి, అంచులు చీలకుండా కుట్టడం తేలిక కాదు. కానీ ఆ చీరలో ప్లాస్టిక్ చేసిన పని ఏమీ లేదు, అది మెరిసింది, అంతే. దాని స్థానంలో జిగినీ కాగితం అతికించినా చీర చీరగానే ఉండేది. ఒక వస్తువు వింతగా ఉండడం వేరు, ఆ వస్తువు వల్ల నేత మారడం వేరు. అసాధారణ పదార్థాలతో చేసిన వస్త్రకళను చూసేటప్పుడు మనం అడగవలసింది రెండోదాని గురించేనని నా వాదన.

ఈ వాదన నాకు పుస్తకాల్లో దొరకలేదు, పొందూరులో దొరికింది. మా అమ్మ పుట్టిన ఊరు పొందూరుకు దగ్గర. మా అమ్మమ్మ రాట్నం వడికేది. పొందూరు సన్ననూలు పేరు తెలుగునాట చాలామందికి తెలుసు, కానీ అది తయారయ్యే తీరును దగ్గరగా కూర్చుని చూసినవారు తక్కువ. కొండపత్తి, ఎర్రపత్తి వంటి నాటు రకాలను ముందు చేత్తో ఏరుతారు. గింజ తీయకముందే, గింజను అంటుకుని ఉన్న దూదిని వేళ్ళ మధ్య పట్టుకుని వాలుగ చేప దవడతో మెల్లగా దువ్వుతారు. ఆ దవడ ఎముక మీద పళ్ళు ఎంతో సన్నగా, ఏ దువ్వెనకూ లేనంత దట్టంగా ఉంటాయి. అలా దువ్వినప్పుడు మట్టి, ఆకు నలుసులు, తెగిన పోగులు రాలిపోయి, మిగిలిన పోగులన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. తరవాత చిన్న చెక్కపలక మీద ఉంచి ఇనుప కడ్డీ దొర్లిస్తే దూది ఒకవైపుకు, గింజ మరోవైపుకు విడిపోతాయి. ఆ దూదిని ఏకి, ఏకులు చుట్టి, వాటిని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని చక్రానికి 24 ఆకులు (పుల్లలు) ఉండే రాట్నం ముందు కూర్చుంటారు. అరటి దొప్ప లోపలివైపు నున్నగా ఉంటుంది కనుక ఏకు రేగదు, చేతి చెమట అంటదు.

చేప దవడ, అరటి దొప్ప. నగరంలో ఏ ప్రదర్శనలోనైనా వీటిని అద్దాల పెట్టెలో పెడితే జనం ఆశ్చర్యపోతారు. కానీ పొందూరులో ఎవరూ వీటిని ఆశ్చర్యం కోసం ఎంచుకోలేదు. వాలుగ దవడ చేసినంత మెత్తగా, పోగు తెగకుండా ఆ పని చేసే సాధనం దొరకలేదు కనుక అది నిలిచింది. ఇంగ్లిషు లెక్కలో నూలు నెంబరంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే దారపు చుట్టలు, ఎన్ని వస్తాయన్న లెక్క. 100వ నెంబరు నూలైతే ఒక్క గ్రాములో సుమారు 169 మీటర్ల దారం ఉంటుంది. అంత సన్నని పోగు తెగకుండా సాగాలంటే దూదిలో ఒక్క నలుసు కూడా ఉండకూడదు. అందుకని అక్కడ చేప దవడ ఒక అలంకారం కాదు, నూలు సన్నదనానికి అదే మూలం. దాన్ని తీసేస్తే ఆ బట్ట ఆ బట్టగా ఉండదు. నేను కొలబద్దగా పెట్టుకున్నది దీన్నే.

ఈ కొలతతో చూసినప్పుడు ఆ హాలులో అందరూ తొందరగా దాటిపోతున్న ఒక బట్ట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పడుగు, అంటే నిలువు పోగులు, నల్లని నూలు. పేక, అంటే అడ్డపోగు, పాత ఆడియో క్యాసెట్ల టేపు. ముదురు గోధుమరంగులో, నీళ్ళు నిలిచిన రేగడి నేలలా కనిపించింది. పక్కకు జరిగితే వెలుగు దాని మీద అడ్డంగా పాకుతుంది. నేసినాయన అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎలా నేశారని అడిగితే ఎంతో ఓపికగా చెప్పారు. నూలును కండె అనే చిన్న గొట్టానికి చుట్టి, పేకను అటూ ఇటూ దాటించే నాడెలో పెడితే, పోగు కండె కొన మీదుగా ఊడి వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ దానికి ఒక మెలిక పడుతుంది. నూలుకు ఆ మెలిక వల్ల నష్టం లేదు, టేపుకు మాత్రం ప్రాణాంతకం. 4 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ వెడల్పున్న ఆ పట్టీ మెలిక పడితే తాడులా నలిగి, మెరుపు పోయి, బట్టలో గీతలా కనిపిస్తుంది. అందుకని ఆయన టేపు పక్కవైపు నుంచి దొర్లుతూ విప్పుకునేలా ఒక చిన్న చక్రం అమర్చుకుని, ప్రతి పేకనూ చేత్తో పరిచి, పన్నె అనే దువ్వెన లాంటి చట్రంతో మామూలు కన్నా మెల్లగా తట్టారు. ఒక 60 నిమిషాల క్యాసెట్‌లో ఉండే టేపు సుమారు 86 మీటర్లు. గ్రాము 100వ నెంబరు నూలులో దానికి దాదాపు రెట్టింపు పొడవు ఉంటుందని అక్కడే లెక్క వేసుకుని నేనే నివ్వెరపోయాను. ఆ క్యాసెట్లలో ఎక్కువభాగం హరికథలవి అని ఆయన చెప్పారు. వినడానికి పనికిరాకుండా పోయిన గొంతులు ఇప్పుడు వెలుగుకు మెరుస్తున్నాయన్న తలపు నన్ను కదిలించింది, అయినా ఆ బట్ట గొప్పతనం ఆ తలపులో లేదు. టేపు నైజం తెలుసుకుని, దానికి తగినట్టు తన చెయ్యి అలవాటును ఆయన మార్చుకున్నారు. అది బట్టలో కనిపిస్తుంది.

ప్రపంచంలో ఈ తరహా పనికి పేరు పొందినవారిలో ఘనాలో 1944లో పుట్టి, నైజీరియాలోని న్సుక్కాలో దశాబ్దాలపాటు పనిచేసిన ఎల్ అనాత్సుయి ముందు వరుసలో ఉంటారు. మద్యం సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, మడిచి, మెలిపెట్టి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి, గోడల నిండా పరుచుకునే లోహపు బట్టలు చేశారు. 2015లో వెనిస్ బియన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శన ఆయనకు జీవితకాల సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది. 2023లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో టర్బైన్ హాలును ఆయన పని నింపింది. మన హాలులోని సాచెట్ల చీరకు, ఆయన మూతల బట్టకు పైపైన చూస్తే పోలిక ఉంది, రెండూ పారేసిన వస్తువులే, రెండూ మెరుస్తాయి. కానీ ఆ మూతల వెనక వేరే బట్ట లేదు. మూతలే పోగులు, రాగి తీగే కట్టు. లోహమై ఉండి కూడా మడతలు పడుతుంది, వేలాడుతుంది, వేలాడదీసిన ప్రతిచోటా వేరే ఆకారం తీసుకుంటుంది. పైగా ఆ మద్యం ఊరికే వచ్చి చేరినది కాదు. యూరోపియన్ వర్తకులు ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకులలో మద్యం ఒకటి, బానిసల వ్యాపారంతో దానికి ముడి ఉంది. ఆ పదార్థం ఎందుకన్న ప్రశ్నకు ఆ పనిలోనే జవాబు ఉంది.

మడగాస్కర్‌లో బంగారురంగు సాలీళ్ళ దారంతో నేసి, 2012లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పెట్టిన అంగీ గురించి చెప్పేవారందరూ 12 లక్షల సాలీళ్ళన్న అంకెతో మొదలుపెడతారు. అంకె నిజమే. కానీ ఒకేసారి 24 సాలీళ్ళను గాయపడకుండా నిలిపి ఉంచి, వాటి నుంచి పోగు లాగి, మళ్ళీ అడవిలో వదిలే పద్ధతిని నేర్చుకోవడంలో ఉన్న ఓర్పు గురించి అంత తరచుగా వినం. ఆశ్చర్యం అంకెలకు త్వరగా అంటుకుంటుంది. ఓర్పును చూడడానికి దగ్గరకు వెళ్ళాలి.

మన దేశంలో మృణాళినీ ముఖర్జీ అనే శిల్పి ఉండేవారు. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్న ఆమె, మగ్గం లేకుండా, జనపనార తాళ్ళను చేత్తో ముడివేస్తూ మనిషి ఎత్తును మించిన వనదేవతల వంటి రూపాలు నిలబెట్టారు. ఆమె 2015లో మరణించిన తరవాత, 2019లో న్యూయార్క్‌లో ఆమె పనిని పెద్ద ఎత్తున ప్రదర్శించారు. గోగునార చెరువుల్లో ఊరవేసిన వాసన మధ్య పెరిగిన మా జిల్లాల వారికి, నెల్లిమర్ల, రాజాం, బొబ్బిలి జూట్ మిల్లుల సైరన్లు విని పొద్దు తెలుసుకున్నవారికి, నార ఎంత మొండిదో చెప్పనక్కరలేదు. దబ్బనంతో గోనెసంచి మూతి కుట్టిన ప్రతి చేతికీ ఆ మొండితనం తెలుసు. ఆ హాలులో గోనెపట్టా మీద రంగుదారాలతో పువ్వులు కుట్టినవి నాలుగు ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. గోనెను గోనెగా ఉండనివ్వలేదు, బల్లగుడ్డ చేసేశారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఒక బొంత. ఉద్దానం వైపు ఒక ఊరి నుంచి వచ్చింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, కంచిలి, మందస వంటి మండలాల్లో దశాబ్దాలుగా ఇంటింటినీ పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి సంగతి ఈ వ్యాసం చదివే తెలుగువారికి తెలిసే ఉంటుంది. పాత చీరల పొరల మధ్య, ఖాళీ అయిన మాత్రల అట్టలు పేర్చి, వాటి చుట్టూ పరుగు కుట్టు వేసి ఆ బొంత కుట్టారు. ఒక్క ఇంట్లో నాలుగేళ్ళలో పోగైన అట్టలట. దూరం నుంచి చూస్తే మామూలు బొంతే, చతురస్రపు గళ్ళు, వెలిసిన చీరల రంగులు. అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ ముందుకు వంగినప్పుడు ఆమె చెయ్యి పొరపాటున దానికి తగిలింది. చిటపటమని చిన్న చప్పుడైంది. మాత్ర తీసేటప్పుడు రేకు చిట్లే చప్పుడు అది. చుట్టూ ఉన్నవారంతా ఒక్క క్షణం మౌనమైపోయారు. ఆ చప్పుడు వినకపోతే ఆ బొంతలో సగం చూసినట్టే, మరి ముట్టుకోరాదన్న చీటీ ఉన్నంతవరకూ దాన్ని ఎవరూ వినలేరు.

వందల చేతులు తగిలితే బట్ట మాసిపోతుంది, చెమటకు, నూనెకు పోగులు చెడతాయి. ఆ జాగ్రత్తను నేను కాదనను. కానీ బట్టను కళ్ళతో మాత్రమే చూడమనడం పాటను స్వరం రాసిన కాగితం మీద చూడమనడం వంటిది. బట్టలు కొనడానికి వెళ్ళిన మన అమ్మలు ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్టను నలిపి చూస్తారు, తరవాత వెనక్కి తిప్పుతారు, తరవాత అంచు చూస్తారు, ధర అడిగేది అప్పుడే. ఆ జ్ఞానం ఉన్నవారు హాలులోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తోంది. ప్రతి పని పక్కనా అదే పదార్థంతో, అదే పద్ధతిలో చేసిన జానెడు ముక్క ఒకటి ముట్టుకోవడానికి కట్టి పెట్టవచ్చు. గోడకు ఆనించకుండా రెండు అడుగులు ఇవతలకు వేలాడదీస్తే వెనకవైపూ చూడవచ్చు. నిర్వాహకులకు ఈ రెండు మాటలూ చెప్పాను, వారు శ్రద్ధగా రాసుకున్నారు.

ఆ బొంత చూస్తుంటే నాకు అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె గుర్తొచ్చింది. అక్కడి నల్లజాతి మహిళలు తరతరాలుగా చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకున్నారు. భర్త చనిపోయాక 1942లో మిస్సూరి పెట్వే అనే ఆమె, అతను పొలంలో వేసుకున్న బట్టలు విప్పి, వెలిసిన మచ్చలతో సహా వాటిని బొంతగా కుట్టుకుని, దాన్నే కప్పుకుంది. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్‌లో, ఆ వెంటనే న్యూయార్క్‌లో ప్రదర్శనకు వచ్చినప్పుడు కుట్టిన ప్రతి మహిళ పేరూ దాని పక్కన ఉంది. పేరు రాసినంత మాత్రాన అన్నీ సర్దుకోలేదు, తమకు రావలసిన సొమ్ము గురించి కొందరు 2007లో కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. కానీ పేరు లేకపోతే ఆ ప్రశ్న అడగడానికైనా మనిషి ఉండదు.

మన హాలులో ఉద్దానం బొంత పక్కన చీటీలో ఏముందంటే, పదార్థం: మాత్రల అట్టలు, పాత చీరలు. రూపకల్పన: ఒకరి పేరు. కింద చిన్న అక్షరాలతో, స్థానిక మహిళల సహకారంతో. టేపు బట్ట దగ్గరా అంతే, నేసినాయన తన బట్ట పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నా చీటీలో ‘చేనేత కార్మికుల సహకారంతో’ అని మాత్రమే ఉంది. పాల కవరుకు పేరుంది, సాచెట్‌కు పేరుంది, పాత టేపుకు కూడా పేరుంది. నిర్వాహకుల్లో ఒక యువకుడిని దీని గురించి అడిగాను. అతను మర్యాదగానే జవాబు చెప్పాడు. మొత్తం 40 మంది దాకా పనిచేశారట, అందరి పేర్లూ రాస్తే చీటీ చాలదట, పైగా కళ అనేది ఆలోచనలో ఉంటుంది కనుక ఆలోచించినవారి పేరు రాశామన్నాడు. చీటీ పెద్దది చేస్తే సరిపోతుంది కనుక మొదటి మాట గురించి వాదించనక్కరలేదు. రెండో మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. టేపు మెలిక పడకుండా పక్కనుంచి విప్పాలన్నది ఆలోచన కాదా? దాన్ని ఎవరు ఆలోచించారు? మాత్రల అట్టలు పదునుగా ఉంటాయి కనుక మూలలు మడిచి కుట్టకపోతే చీర చిరుగుతుందని కనిపెట్టింది ఎవరు? ఈ రకమైన పనిలో పదార్థం కొత్తది, దానికి పాత పద్ధతి అంటూ ఏదీ లేదు. కనుక పద్ధతిని కనిపెట్టిన చెయ్యి మామూలు నేతలో కన్నా ఇక్కడే ఎక్కువ ఆలోచించింది. సహకారం అన్న మాట ఆ ఆలోచనను కప్పేస్తోంది. పేరుతోపాటు ఎన్ని రోజులు పట్టిందో కూడా రాయాలని నేను కోరుకుంటాను. రాట్నం ముందు మా అమ్మమ్మ గడిపిన రోజులు నూలు నెంబరులో లెక్కకు రాలేదు. ఆ నూలుతో నేసిన పంచెలు కట్టుకున్నవారిలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు.

వెళ్ళిపోయే ముందు చూసింది హాలు చివర పైకప్పు నుంచి వేలాడుతున్న ఒక వల. తొమ్మిది అడుగుల పైన ఉంటుంది. నైలాను వలల ముక్కలను, పైన పెద్ద కన్నుల నుంచి కిందికి వచ్చేసరికి వేలు కూడా పట్టనంత చిన్న కన్నుల వరకు, ఒకదానికి ఒకటి కలిపి అల్లారు. రెండు వేరు కొలతల కన్నులు కలిసేచోట అతుకు కనబడదు, ఒక వరసలో రెండు కన్నులకు మూడు చొప్పున పెంచుకుంటూ పోయారు. ఎండకు వెలిసిన ఆకుపచ్చ, నీలం, పాచిరంగు మధ్య చీర అంచుల పీలికలు దూర్చారు, నడుమ నడుమ వల తేలడానికి వాడే పాత బెండ్లు కట్టారు. ఫ్యాన్ గాలికి కింది భాగం మెల్లగా కదులుతుంటే, దాని నీడ గచ్చు మీద అలల్లా పాకుతోంది. దాని పక్క చీటీలో ‘వ్యర్థ వలలు’ అని రాసి ఉంది.

దాన్ని అల్లినాయన కళింగపట్నం వైపు ఒక ఊరివారు, అరవై ఏళ్ళ పైబడిన మనిషి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం కనుక, ఇంటి దగ్గర ఉన్న ఆ రోజుల్లో కొడుకుతోనూ కోడలితోనూ కలిసి అల్లారట. అతుకులు అలా కలపడం ఎలా వచ్చిందని అమ్మ అడిగితే, చిరిగిన వలను బాగుచేసేటప్పుడు రోజూ చేసే పనేనని చెప్పారు. అమ్మ వల వెనక్కి వెళ్ళి చూసింది. ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉంది. వలకు వెనకవైపు ఉండదని ఆయన నవ్వారు.

‘ప్రదర్శన అయిపోయాక దీన్ని ఏం చేస్తారు, బాబాయ్ గారూ? ఎవరైనా కొంటామన్నారా?’ అని నేను అడిగాను.

‘కొనడానికి ఇవ్వనమ్మా,’ అన్నారు ఆయన. ‘ఈ కింద ముక్క బాగానే ఉంది, వలకి ఏసుకోవచ్చు. బెండ్లు కూడా కావాల. జూన్ పదిహేనుకి ఏటకెళ్ళాల గదా, ఆదివారం వచ్చి ఇప్పుకుని పట్టికెళిపోతాం.’